సెకండ్ హ్యాండ్ స్పోర్టీ కారుకు లోవరింగ్ స్ప్రింగులా, కాయిలోవర్లా? ఓరుగల్లు రోడ్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

నాది 2014 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ. తెలంగాణ రాకముందే రిజిస్టర్ అయింది కాబట్టి ఇంకా ఏపీ 36 నంబరే. హన్మకొండలో దాన్ని ఎక్కడ ఆపినా ఎవరో ఒకరు వచ్చి ఫెండర్‌కూ టైరుకూ మధ్య వేళ్లు పెట్టి చూసి, "అన్నా, ఎంత దించినవ్?" అని అడుగుతారు. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అవే ప్రశ్నలు వస్తున్నాయి, అందుకే అన్నీ ఒక్కచోట రాసి పెడుతున్నాను. ఉదాహరణలు ఎక్కువగా పోలోవే ఉంటాయి. అయినా ఫియస్టా 1.6 ఎస్, లీనియా టీ-జెట్, ఆక్టేవియా ఉన్నవాళ్లకూ చాలా వరకు వర్తిస్తాయి.

అసలు కారు దించితే, అంటే స్ప్రింగులు మార్చి ఎత్తు తగ్గిస్తే, ఏం వస్తుంది?

నిజం చెప్పాలంటే ముందు అందం వస్తుంది. మన పోలోని యూరప్ పోలో కంటే ఎత్తుగా తయారుచేసి అమ్మారు. టైరు మీద అంత ఖాళీ కనిపిస్తే ఎవరికైనా చేతులు దురద పెడతాయి, అందులో తప్పేమీ లేదు.

హ్యాండ్లింగ్ మాటకొస్తే ఒక చిన్న లెక్క ఉంది. ఇలాంటి కారు గురుత్వ కేంద్రం భూమి నుంచి సుమారు అర మీటరు ఎత్తులో ఉంటుంది. 25 మి.మీ దించితే అది 5 శాతం తగ్గినట్టు. మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి మారే బరువు కూడా అంతే తగ్గుతుంది. అంటే దించినందుకే దక్కే లాభం చిన్నది. దించిన కారు మలుపులో అతుక్కుపోయినట్టు అనిపిస్తుందంటే, అందులో ఎక్కువ వాటా గట్టి స్ప్రింగులది, కొత్త షాకర్లది (షాక్ అబ్జార్బర్లది).

లోవరింగ్ స్ప్రింగులకూ కాయిలోవర్లకూ తేడా ఏమిటి?

లోవరింగ్ స్ప్రింగులంటే కంపెనీ స్ప్రింగుల చోట వేసే పొట్టి, కాస్త గట్టి స్ప్రింగులు. ఐబాక్ ప్రో-కిట్, హెచ్ అండ్ ఆర్ లాంటివి. షాకర్లు పాతవే ఉంచవచ్చు. ఎత్తు ఎంత తగ్గాలో స్ప్రింగ్ తయారుచేసినవాడే నిర్ణయించేశాడు, మీ చేతిలో ఏమీ ఉండదు.

కాయిలోవర్ అంటే స్ప్రింగు, షాకరు ఒకదానికొకటి సరిపడేలా తయారైన పూర్తి సెట్టు. షాకర్ ఒంటి మీద మర ఉంటుంది, స్ప్రింగ్ కూర్చునే రింగును తిప్పి ఎత్తు మార్చుకోవచ్చు. పోలోలో వెనక స్ప్రింగు వేరు, షాకరు వేరు. కాబట్టి వెనక ఎత్తు మార్చే రింగు స్ప్రింగు దగ్గరే విడిగా వస్తుంది. డబ్బా విప్పి చూసి "అన్నా, వెనకది కాయిలోవర్ కాదు, మోసం చేసిండ్రు" అని ఫోన్ చేసినవాళ్లున్నారు. మోసమేమీ లేదు, ఆ కారు నిర్మాణమే అంత.

ఖర్చు విషయానికొస్తే, స్ప్రింగ్ సెట్టుకు పెట్టే డబ్బుకు నాలుగైదు రెట్లు పెడితేగానీ మంచి కాయిలోవర్ రాదు.

పాత కారు ఇప్పుడే కొన్నాను. ముందు ఏం కొనాలి?

ముందు ఏమీ కొనకండి. కారును జాకీ మీదకు ఎత్తించి కిందికి దూరి చూడండి.

పదేళ్ల కారులో సస్పెన్షన్ సగం చచ్చి ఉంటుంది. షాకర్ ఒంటి మీద నూనె తడి, దానికి పట్టిన మట్టి కనిపిస్తే దాని పని అయిపోయినట్టే. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే చేయి) వెనక బుష్, అంటే దాని కీలులోని రబ్బరు, చిట్లిందేమో టార్చి వేసి చూడండి. చిన్న గుంతల్లో నెమ్మదిగా పోతుంటే ముందు నుంచి టక్‌టక్‌మని వస్తే చాలాసార్లు అది లింక్ రాడ్, కారు ఒరగకుండా పట్టే బారును సస్పెన్షన్‌కు కలిపే చిన్న కడ్డీ. కారు ఆపి స్టీరింగ్ చివరిదాకా తిప్పితే స్ప్రింగు టక్కున ఎగిరిన చప్పుడు వస్తే టాప్ మౌంట్ బేరింగ్, అంటే స్ప్రింగు పై కొసను బాడీ కింద తిరగనిచ్చేది. టైరు మీద అరచేయి పెట్టి నిమిరితే ఎత్తుపల్లాలుగా, అలలు అలలుగా తగులుతోందా? అయితే షాకరు చాలా రోజుల నుంచే చక్రాన్ని రోడ్డుకు పట్టి ఉంచడం లేదు.

ఇవన్నీ కొత్తవి వేసి, అలైన్‌మెంట్ చేయించి, ఒక వారం తిరగండి. నాకు తెలిసిన వాళ్లలో కొందరు ఇక్కడే ఆగిపోయారు. "ఇంత బాగుంటదని తెల్వదన్నా, దించుడు ఎందుకు?" అన్నారు. వాళ్లు కొన్న కారు అసలు ఎలా నడవాలో వాళ్లకు అప్పుడే తెలిసింది.

పాత షాకర్ల మీదే లోవరింగ్ స్ప్రింగులు వేయొచ్చా?

తక్కువ తిరిగిన, ఆరోగ్యంగా ఉన్న షాకర్లయితే, 25 మి.మీ లోపు దించేటట్టయితే వేయొచ్చు. లక్ష కిలోమీటర్లు తిరిగిన షాకర్ల మీద మాత్రం వద్దు.

కారణం ఇదీ. స్ప్రింగ్ నొక్కుకుపోయి మళ్లీ ఎగిరేటప్పుడు ఆ ఎగురును పట్టి ఆపేది షాకరు. స్ప్రింగ్ గట్టిపడితే ఎగురు కూడా గట్టిపడుతుంది. పాత స్ప్రింగునే ఆపలేక ఆయాసపడుతున్న షాకర్‌కు కొత్త గట్టి స్ప్రింగ్ అప్పగిస్తే బండి గుర్రమెక్కినట్టు ఊగుతుంది. పైగా కారు కిందికి దిగింది కాబట్టి షాకర్ లోపలి పిస్టన్ ఎప్పుడూ కింది భాగంలోనే పని చేస్తుంది. బంప్ స్టాపర్ (షాకర్ పూర్తిగా నొక్కుకుపోకుండా ఆపే రబ్బరు) దగ్గరైపోతుంది.

దించిన కార్ల కోసమే పొట్టిగా చేసిన షాకర్లు దొరుకుతాయి. బిల్‌స్టీన్‌లో బీ8 అలాంటిదే. కంపెనీ ఎత్తుకైతే బీ6. లోవరింగ్ స్ప్రింగులు, వాటికి తగ్గ పొట్టి షాకర్లు కలిపి వేయడమే మన ప్రాంతంలో రోజూ నడిపే పాత స్పోర్టీ కారుకు అన్నింటికంటే మంచి జోడీ అని నా అభిప్రాయం. కాయిలోవర్ అంత మెరుపులుండవు, కానీ వేశాక దాని గురించి మర్చిపోవచ్చు.

ఉన్న స్ప్రింగులే కోయిస్తే? వెయ్యి రూపాయల్లో అయిపోతుంది కదా?

ఈ ప్రశ్నకు నా కారే జవాబు. నేను కొన్నప్పుడే అది కొంచెం కిందికి ఉంది. అమ్మినాయన "స్పోర్ట్స్ స్ప్రింగ్స్ వేసినం" అన్నాడు. చూడ్డానికి బాగుంది, నమ్మాను. నెల తిరక్కుండానే ఒకరోజు టైరు షాపులో ముందు భాగం జాకీ మీదకు లేపారు. చక్రం కిందికి వేలాడగానే ఏదో గలగలమంది. షాపు తమ్ముడు లోపలికి చేయి పెట్టి స్ప్రింగును పట్టుకుని, సీసా మూత తిప్పినట్టు రెండు వేళ్లతో గుండ్రంగా తిప్పాడు. అది దాని కూర్చునే చోటు వదిలేసి ఒక వేలు మందం పక్కకు జరిగి ఉంది. కింది కొసన గ్రైండర్‌తో కోసిన గరుకు అంచు, దాని మీద తుప్పు. కోసింది ఎవరో, ఏ షెడ్డులోనో నాకు తెలియదు. నేను మాత్రం ఆ స్ప్రింగుల మీద హైదరాబాద్‌కు నాలుగుసార్లు వెళ్లొచ్చాను. ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

స్ప్రింగ్ కొసను కంపెనీవాళ్లు దాని సీటులో సరిగ్గా కూర్చునేలా మలుస్తారు. కోస్తే ఆ కూర్పు పోతుంది. పెద్ద గుంతలోనో స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడో చక్రం పూర్తిగా వేలాడితే స్ప్రింగ్ వదులై సీటు తప్పుతుంది. ఇక వేడి చేసి కుంగదీయడం అంతకంటే పాపం, ఉక్కుకు ఇచ్చిన గట్టిదనమంతా పోతుంది.

మన రోడ్లకు ఎంత దించొచ్చు?

ముందు స్పీడ్ బ్రేకర్‌తో లెక్క వేద్దాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. పోలో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం రెండున్నర మీటర్ల లోపే. కాబట్టి పద్ధతి ప్రకారం కట్టిన బ్రేకర్ మీద నాలుగు చక్రాలూ ఒకేసారి ఎక్కేస్తాయి, పొట్ట తగలదు.

మరి ములుగు రోడ్డు నుంచి పక్క ఊళ్లలోకి తిరిగితే కనిపించేవి అవేనా? ఎవరి ఇంటిముందు వాళ్లు సిమెంటుతో పోసుకున్న గట్లు. వెడల్పు రెండు అడుగులు, ఎత్తు మేస్త్రీ ఇష్టం. ముందు చక్రాలు దిగిపోయాక, వెనక చక్రాలు ఎక్కకముందు ఆ గట్టు సరిగ్గా పొట్ట కింద ఉంటుంది.

ఇప్పుడు కారు లెక్క. పోలో గ్రౌండ్ క్లియరెన్స్ ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 165 మి.మీ. 30 దించితే 135. పెళ్లికి ఐదుగురు ఎక్కి, డిక్కీలో సామాను వేస్తే మధ్యలో ఇంకో 25, 30 మి.మీ కుంగుతుందనుకోండి. మిగిలింది 105. అంటే ప్రమాణం ప్రకారం 10 సెంటీమీటర్లే ఉన్న పొట్టి గట్టు కూడా అర సెంటీమీటరు సందులో దాటాలి. 12 సెంటీమీటర్లుంటే కింద ప్లాస్టిక్ కవర్ గీసుకుంటూ పోతుంది, ఆ తరవాత ఎగ్జాస్ట్ వంతు.

అందుకే నా లెక్క ప్రకారం, పరకాల, నర్సంపేట, తాడ్వాయి వైపు ఇంటిల్లిపాదితో తిరిగేవాళ్లకు 20 నుంచి 25 మి.మీ. అంతకంటే వద్దు. హైదరాబాద్ హైవే మీద ఒంటరిగా తిరిగేవాళ్లు 30, 35 దాకా ఆలోచించుకోవచ్చు. అబార్త్ పుంటో లాంటిదైతే కంపెనీయే మామూలు పుంటో కంటే దించి అమ్మింది, దాన్ని ఇక ముట్టుకోవద్దు.

ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. పోలో ముందు సస్పెన్షన్ మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగు, షాకరు ఒకే నిలువు కడ్డీగా ఉండే రకం. కంపెనీ ఎత్తులో లోయర్ ఆర్మ్ చక్రం వైపు కొంచెం కిందికి వాలి ఉంటుంది. మరీ దించితే అదే ఆర్మ్ చక్రం వైపు పైకి లేస్తుంది. అలా లేచిందంటే కారు మలుపులో ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు, గురుత్వ కేంద్రం దిగిన దానికంటే ఎక్కువగా కిందికి జారిపోతుంది. ఫలితం తలకిందులవుతుంది: కారు దిగింది, కానీ ఒరగడానికి మునుపటికంటే ఎక్కువ తొందర పడుతుంది. బయటికి రేసు కారులా కనబడుతూ మలుపులో కంపెనీ కారు కంటే అధ్వానంగా నడిచే బండ్లు ఇలాగే తయారవుతాయి. పక్కన కూర్చుని ఆర్మ్ చూడండి, నేలకు సమాంతరం దాటి పైకి లేస్తే ఎక్కువ దించినట్టే.

స్ప్రింగ్ రేటు అంటే ఏమిటి? 4 మంచిదా, 6 మంచిదా?

4 కేజీల స్ప్రింగ్ అంటే 4 కేజీల బరువు పెడితే 1 మి.మీ కుంగుతుంది. మామూలు హ్యాచ్‌బ్యాక్‌లో ముందు స్ప్రింగ్ 2, 3 కేజీల దగ్గర ఉంటుంది. కాయిలోవర్లలో 5, 6 కూడా కనిపిస్తాయి. పెద్ద అంకె అంటే పెద్ద స్పోర్ట్స్ అనుకోవద్దు. నున్నటి ట్రాక్ మీద 6 కేజీలు బాగుంటాయి. గతుకుల రోడ్డు మీద అంత గట్టి స్ప్రింగుతో చక్రం గుంతలోకి దిగకుండా మీద నుంచే ఎగిరిపోతుంది. గాలిలో ఉన్న టైరుకు పట్టు ఎక్కడిది?

తీగ మందం కూడా చూడండి. స్ప్రింగ్ గట్టిదనం తీగ వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. తీగ 10 శాతం లావైతే స్ప్రింగ్ దాదాపు 46 శాతం గట్టిపడుతుంది. అందుకే పక్కపక్కన పెట్టినా కంటికి ఒకేలా కనిపించే రెండు స్ప్రింగులు రోడ్డు మీద వేరే కార్ల స్ప్రింగుల్లా ఉంటాయి.

కాయిలోవర్ రింగు పైకి బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడుతుందా?

లేదు. కారు పైకి లేస్తుంది, అంతే. ఆ మూల మీద పడే బరువు మారలేదు కాబట్టి స్ప్రింగ్ అంతే కుంగుతుంది. 4 కేజీల స్ప్రింగ్ ఎంత బిగించినా 4 కేజీలదే.

కాకపోతే కాయిలోవర్లు రెండు రకాలు. బిల్‌స్టీన్ బీ14 లాంటి వాటిలో రింగు కిందికి తిప్పి దించుతారు. దించిన కొద్దీ పైకి వెళ్లే ప్రయాణం తగ్గుతుంది. బీసీ రేసింగ్ బీఆర్ లాంటి వాటిలో కింది బ్రాకెట్ కూడా మర మీదే ఉంటుంది, షాకర్ పొడవునే మార్చవచ్చు. ప్రయాణం పోకుండా ఎత్తు తగ్గించడం దీనితో కుదురుతుంది. మన గుంతలకు ఈ రెండో రకమే నాకు నచ్చుతుంది. అయితే షాకర్ ప్రయాణం మిగిలినంత మాత్రాన టైరు ఫెండర్ లోపల తగలకుండా ఉండదు, అది విడిగా చూసుకోవాలి.

షాకర్ గట్టిదనం మార్చే నాబ్‌కు 30 క్లిక్కులుంటాయంటారు. ఎక్కడ పెట్టాలి?

మధ్యలో మొదలుపెట్టండి. ఎడమ, కుడి ఒకటే ఉండాలి. రోజూ పోయే రోడ్డు ఒకటి ఎంచుకుని, ఒకే వేగంలో పోయి, మూడేసి క్లిక్కులు మార్చి చూడండి. బ్రేకర్ దిగాక కారు రెండోసారి ఊగితే ఇంకా బిగించాలి. చిన్న చిన్న గతుకులకే స్టీరింగ్ చేతిలో గిలగిలలాడితే వదులు చేయాలి. ఒక నోటుబుక్‌లో రాసుకోండి, లేకపోతే వారం తరవాత ఏది ఎక్కడుందో మీకే గుర్తుండదు. బీఆర్ లాంటి సెట్లలో ఒక్క నాబ్ నొక్కుడునూ ఎగురునూ కలిపే మారుస్తుంది. కేడబ్ల్యూ వేరియంట్ 3లో రెండూ విడివిడిగా మారతాయి. దాన్ని సరిగ్గా పెట్టే ఓపిక నాకైతే లేదు.

మరి కాయిలోవర్ ఎవరికి?

అప్పుడప్పుడు ట్రాక్‌కు పోయేవాళ్లకు, మార్చి మార్చి చూసుకోవడమే సరదా అయినవాళ్లకు. ఆక్టేవియా వీఆర్‌ఎస్ లాంటి బరువైన, వేగమైన కారుకు మంచి కాయిలోవర్ పెడితే పెట్టిన డబ్బు తెలుస్తుంది. వెనక మల్టీలింక్ (చక్రాన్ని పలు చిన్న ఆర్ములు పట్టుకునే రకం) ఉన్న మోడల్ అయితే దించాక వెనక క్యాంబర్ (చక్రం నిలువు వాలు), టో (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగిన కోణం) తప్పనిసరిగా సరిచేయించాలి.

ఒకసారి పెట్టించి ఎత్తు ముట్టుకోనివాళ్లకు మాత్రం దండగ. నాకు తెలిసిన కాయిలోవర్ కార్లలో చాలావాటికి మర మీద మొదటి రోజు మట్టి అలాగే ఉంది.

బిగించేటప్పుడు దగ్గరుండి ఏం చూడాలి?

ఒక్క విషయం మెకానిక్‌తో ముందే మాట్లాడండి. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులు, వెనక యాక్సిల్ బుష్ బోల్టులు కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరిసారి బిగించాలి. కారు లిఫ్ట్ మీద వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దించాక రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది. కొన్ని నెలల్లో చిట్లుతుంది. "ఏం కాదన్నా, మేం ఎప్పుడూ గిట్లనే చేస్తం" అంటారు. మీరు మర్యాదగానే పట్టుబట్టండి.

టాప్ మౌంట్లు, బేరింగులు, బంప్ స్టాపర్లు కొత్తవి కొని పెట్టుకోండి, పాతవి మళ్లీ వేయనివ్వొద్దు. స్ప్రింగ్‌ను కంప్రెసర్‌తో నొక్కకుండా నట్టు విప్పేవాడి దగ్గర నిలబడొద్దు, అది తుపాకీ లాంటిది.

ఎత్తును నేల నుంచి కొలవొద్దు, టైరు గాలిని బట్టి మారుతుంది. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచి ముందూ తరవాతా రాసుకోండి. బిగించిన రోజు ఒక అలైన్‌మెంట్, ఐదారు వందల కిలోమీటర్లు తిరిగి స్ప్రింగులు కూర్చున్నాక మరొకటి. రెండోది మానేసినవాళ్ల టైర్లు లోపలి అంచున అరిగి తీగలు తేలతాయి. బయటి నుంచి చూస్తే కొత్తవాటిలానే ఉంటాయి, అదే ప్రమాదం. హెడ్‌లైట్ల ఎత్తు కూడా సరిచేయించండి.

దుమ్ముకు, వానకు కాయిలోవర్లు ఆగుతాయా?

చూసుకుంటే ఆగుతాయి. గ్రానైట్ లారీల వెనక కరీంనగర్ రోడ్డు మీద తిరిగితే మరలోకి రాతిపొడి చేరుతుంది. వానలో తడిసి గట్టిపడితే రింగు ఇక తిరగదు. నాలుగైదు నెలలకోసారి బ్రష్‌తో కడిగి, ఆరాక యాంటీ సీజ్ గ్రీజు (మర పట్టేయకుండా ఆపేది) పల్చగా రాయండి.

పోలీసులు, ఇన్సూరెన్స్?

1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలకూ తయారీదారు ఇచ్చిన వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో మార్చిన సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పకపోతే యాక్సిడెంట్ తరవాత క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు. చెప్పి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి.

వాడిన కాయిలోవర్లు తక్కువకు వస్తున్నాయి. కొనొచ్చా?

షాకర్ కడ్డీ మీద గోరుతో గీస్తే ఎక్కడా తట్టకూడదు, నూనె తడి ఉండకూడదు. అన్ని రింగులూ చేత్తో తిరగాలి. రీబిల్డ్ కోసం విడిభాగాలు దొరికే బ్రాండ్ అయి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ డబ్బుతో కొత్త స్ప్రింగులు, కొత్త షాకర్లు కొనుక్కోండి.

ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటారా?

మా బాపును కొత్త స్ప్రింగులు వేశాక మొదటిసారి రామప్ప గుడికి తీసుకుపోయాను. మంచి షాకర్లే, పెద్దగా దించలేదు కూడా. గుడి దగ్గర దిగుతూ నడుం పట్టుకుని "ఎడ్లబండి నయం రా" అన్నాడు. వెనక టైర్లలో గాలి 2 పాయింట్లు తగ్గిస్తే వచ్చేటప్పుడు ఏమీ అనలేదు, నిద్రపోయాడు. ముందు గాలి చూసుకోండి. ఖాళీ కారుకు కంపెనీ చెప్పినంత చాలు, చాలా బంకుల్లో అడగకుండానే ఎక్కువ కొడతారు.

పాత స్ప్రింగులు, షాకర్లు ఏం చేయాలి?

అమ్మొద్దు. కారు అమ్మేటప్పుడు కొనేవాళ్లలో ఎక్కువమంది కంపెనీ ఎత్తే అడుగుతారు. ఎడమ, కుడి, ముందు, వెనక అని మార్కర్‌తో రాసి, నూనె గుడ్డతో తుడిచి సంచిలో కట్టి పెట్టండి. నా కోసిన స్ప్రింగుల చోట వేద్దామని తెచ్చిన కంపెనీ స్ప్రింగులు మా అటక మీద సిమెంటు సంచిలో ఉన్నాయి. పాత ఇనుపసామాను అతను వచ్చినప్పుడల్లా అమ్మ నిచ్చెన వేయబోతుంది, నేను అడ్డం పోతాను.